నా నడుము మీద చేయి తిరిగిన పిల్లలు: ఒక కైరోప్రాక్టిక్ కళాశాల క్లినిక్‌కు ఎనిమిది సార్లు వెళ్లాక

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంటికి నేను వచ్చిన మూడో రోజునే నా నడుము పట్టేసింది. తప్పు విమానానిది కాదు, నాదే. ఒక్కో పెట్టెలో ఇరవై మూడు కిలోలు తూకం వేసి మరీ ఆవకాయ, గోంగూర, కందిపొడి, అరిసెలు కుక్కి తెచ్చాను. వాడు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగలేక ఒక పెట్టెను నేనే మేడ మీదికి ఎక్కించాను. మర్నాడు పొద్దున మొహం కడుక్కోవడానికి వంగినదాన్ని మళ్లీ నిటారుగా లేవలేకపోయాను. నొప్పి ఎడమ పిరుదు దగ్గర మొదలై పిక్క దాకా తీగ లాగినట్టు లాగింది.

మా ఊళ్లో అయితే దీనికి మందు వీధి చివరే ఉండేది. ఎదురుకాళ్లతో పుట్టిన వడ్రంగి ఒకాయన, నడుము పట్టినవాళ్లను పొద్దున్నే వాకిట్లో బోర్లా పడుకోబెట్టి మూడు సార్లు కాలితో తన్నేవాడు. డబ్బు తీసుకునేవాడు కాదు. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పిన నేను ఆయన్ను ఎప్పుడూ నమ్మలేదు. నడుము పట్టిన రెండు సార్లూ మాత్రం వెళ్లాను.

ఇక్కడ ఆ వడ్రంగి లేడు. సందర్శకుల బీమా పాత జబ్బులకు వర్తించదు. నా నడుము నొప్పి పాతదా కొత్తదా అని వాళ్లు తేల్చేసరికి నేను తిరుగు విమానం ఎక్కేస్తాను. పక్కింటావిడ ఊరి చివర ఉన్న కైరోప్రాక్టిక్ కళాశాల క్లినిక్ గురించి చెప్పింది. విద్యార్థులే చూస్తారు, ఫీజు తక్కువ, తొందరపెట్టరు అంది. మూడూ నిజమే.

కళాశాల పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవి ఉన్నాయి, దెప్పవలసినవీ ఉన్నాయి. నన్ను చూసిన పిల్లలకు ఇంకా మార్కులు పడాల్సి ఉంది. ఎలాగూ కైరోప్రాక్టిక్ కళాశాలల్లో ఇలాంటి క్లినిక్‌లు ఉండడం మామూలే కాబట్టి, పిల్లల దగ్గరికి వచ్చే నాలాంటి తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. వెన్నెముకనూ కీళ్లనూ చేతులతో సర్ది నొప్పి తగ్గించే వైద్యమే కైరోప్రాక్టిక్. చదువు పూర్తయ్యాక డి.సి. (డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్) అనే డాక్టరేట్ ఇస్తారు. అది ఎం.డి. కాదు, వీళ్లు శస్త్రచికిత్స చేయరు. అలాగని నాలుగు నెలల కోర్సూ కాదు. గుర్తింపు ఇచ్చే మండలి నిబంధన ప్రకారం కనీసం 4,200 గంటల బోధన ఉండాలి. తరువాత జాతీయ బోర్డు పరీక్షలు, ఆపైన రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. ఆఖరి ఏడాది పిల్లలు ఇంటర్న్‌లుగా రోగులను చూస్తారు. లైసెన్సు ఉన్న డాక్టరు ఒకరు పక్కనే ఉండి ప్రతి మెట్టులోనూ సంతకం పెడతారు.

నాకైన ఖర్చు: మొదటి రోజు అరవై డాలర్లు, ఎక్స్‌రేకు నలభై ఐదు, ఆ తరువాత వెళ్లినప్పుడల్లా ముప్పై. రూపాయల్లోకి మార్చి చూడవద్దని మా అబ్బాయి ముందే హెచ్చరించాడు. నేను మార్చి చూశాను.

మొదటి రోజు గంటా యాభై నిమిషాలు పట్టింది. నన్ను చూసిన ఇంటర్న్ ఆరడుగుల పైన ఉన్న తెల్లబ్బాయి. కాలేజీలో బేస్‌బాల్ ఆడేవాడట. మర్యాదస్తుడు, చేతులు వెచ్చగా ఉన్నాయి, ప్రతిసారీ తాకే ముందు అడిగి తాకాడు. కాలు నిటారుగా పైకెత్తించి ఎక్కడ లాగుతోందో చూశాడు, చిన్న సుత్తితో మోకాలి కింద తట్టాడు, మడమల మీద నడిపించాడు. చేసిన పరీక్షలన్నీ పాఠంలో ఉన్న క్రమంలోనే చేశాడని నాకు తెలిసిపోయింది. పాఠం అప్పజెప్పేవాడి కళ్లు ఎలా ఉంటాయో ముప్పై ఒక్క ఏళ్లు చూశాను.

చిక్కు వచ్చింది కాగితం దగ్గర. శారీరక శ్రమ గురించి ఒక పట్టిక ఉంది. గోల్ఫ్ ఆడతారా? లేదు. తోటపని? అపార్ట్‌మెంట్‌లో ఉంటాను, లేదు. జిమ్? లేదు. ఈత? లేదు. సైకిల్? చిన్నప్పుడు. అన్నీ లేదు అనేసరికి కింద ఒక గడిలో టిక్కు పడింది: శ్రమ లేని జీవనం. నేను ఆ గడి వంక చూస్తూ ఉండిపోయాను. పెళ్లయిన నాటి నుంచి నేల మీద కూర్చుని కూరలు తరిగినదాన్ని, పద్దెనిమిదేళ్లు రుబ్బురోట్లో పిండి రుబ్బి బడికి పరుగెత్తినదాన్ని, రోజుకు ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పినదాన్ని, శ్రమ ఎరుగనిదాన్నట! ఆ అబ్బాయి తప్పేమీ లేదు. అతని పట్టికలో నేను లేను, అంతే.

రెండోసారి వెళ్లినప్పుడు ఆ అబ్బాయికి పరీక్ష ఉందని వేరే అమ్మాయి చూసింది. టెక్సాస్‌లో పుట్టింది, మెక్సికో మూలాలున్న కుటుంబం. పొట్టి మనిషి, నా భుజం దాకా వస్తుంది. ఫైలు తిరగేసి, పెన్ను పక్కన పెట్టి, వంట నిలబడి చేస్తారా, కూర్చుని చేస్తారా అని అడిగింది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తన అమ్మమ్మ రాతి మీద మొక్కజొన్న రుబ్బేదని, మోకాళ్ల మీద కూర్చుని ఇలా ముందుకు నెట్టేదని చేతులు చాచి, నడుము వంచి చూపించింది. నేను బల్ల దిగి మా రుబ్బురోలు ఎలా తిరుగుతుందో చూపించాను: ఎడమ కాలు చాపి, కుడి కాలు మడిచి, కుడి చేత్తో పొత్రం తిప్పుతూ ఎడమ చేత్తో పిండి తోయడం. కత్తిపీట మీద ఎలా కూర్చుంటామో కూడా చూపించాను. ఆ అమ్మాయి నా వెనక్కు వచ్చి వీపు మీద చేయి వేసి, మళ్లీ ఒకసారి తిప్పమంది. అలా తిప్పినప్పుడు కటి ఎటు ఒరుగుతోందో, ఎడమ పక్క కండరం ఎలా బిగుస్తోందో వేళ్లతో పట్టుకుంది. ఇంకో సంగతి కూడా తనే కనిపెట్టింది. నాకు కింద కూర్చుంటే నొప్పి తగ్గుతోంది, మా అబ్బాయి వంటింట్లో గట్టు దగ్గర నిలబడితే పెరుగుతోంది. కాబట్టి కింద కూర్చోవడం మానేయండి అని అందరికీ ఇచ్చే సలహా నాకు ఇవ్వలేదు. గట్టు దగ్గర చిన్న పీట వేసి ఒక కాలు దాని మీద పెట్టుకోమంది. ఎనిమిది సార్లలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన సలహా అదే. దానికి కైరోప్రాక్టిక్ డాక్టరేట్ అక్కర్లేదు, రోలు ముందు కూర్చున్న అమ్మమ్మ ఉంటే చాలు.

ఇక చికిత్స. నా వయసు అరవై నాలుగు, ఎముకల బలం ఎంతో చూసుకోవాలి కాబట్టి పర్యవేక్షించే డాక్టరు విసురుగా సర్దే పద్ధతులు వద్దన్నారు. బోర్లా పడుకోబెట్టి, బల్ల కింది సగాన్ని మెల్లగా కిందికి దించుతూ పైకి లేపుతూ నడుమును సాగదీశారు. ఊయలలా ఉంటుంది, నిద్ర వస్తుంది. పటపటమనే చప్పుడేమీ వినిపించలేదని మా అబ్బాయి నిరుత్సాహపడ్డాడు. ఆ చప్పుడు ఎముకలది కాదు, కీలు ద్రవంలో ఏర్పడే వాయు బుడగది. చప్పుడు రానంత మాత్రాన వైద్యం జరగనట్టు కాదు. మెడ కూడా చూస్తామన్నారు, వద్దన్నాను. మెడ తిప్పినప్పుడు అరుదుగా రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంటుందని వాళ్ల సమ్మతి పత్రంలోనే రాసి ఉంది. దాచకుండా రాసినందుకు మెచ్చుకున్నాను, సంతకం మాత్రం నడుము వరకే పెట్టాను. మన క్షౌరశాలల్లో ఏ కాగితమూ లేకుండా మెడ విరిపించుకునే మగవాళ్లు ఇది చదివితే బాగుండు.

మూడోసారి వెళ్లినప్పుడు ఒక ఇంటర్న్ ఈ రోజు డైవర్సిఫైడ్ చూద్దామా అని డాక్టరును అడిగితే, పిల్లల్లో రకరకాల వాళ్లు ఉండడం గురించి మాట్లాడుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. అది ఒక సర్దుబాటు పద్ధతి పేరట. ఆ మాట చెప్పగానే అందరూ నవ్వారు, ఒక నల్లమ్మాయి కొంచెం ఎక్కువసేపు నవ్వింది.

నిరీక్షణ గది గోడ మీద ఒక బొమ్మ ఉంది. ఆ అమ్మాయే దాని కథ చెప్పింది. 1895 సెప్టెంబరు 18న అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ అనే అయస్కాంత వైద్యుడు, తన కార్యాలయం ఉన్న భవనంలో ఊడ్చి తుడిచే హార్వే లిల్లార్డ్ అనే నల్లజాతి మనిషి వెన్నుపూసను సర్ది, పదిహేడేళ్ల చెవుడు పోగొట్టానని చెప్పుకున్నాడు. ఈ వృత్తి పుట్టినరోజు అదేనంటారు. చెవి నుంచి మెదడుకు వెళ్లే నరానికీ వీపుకూ సంబంధం లేదని పదో తరగతి పిల్లలతో బొమ్మ గీయించినదాన్ని, ఊరుకోలేక అదే అన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకుంది. లిల్లార్డ్ కూతురు తరువాత చెప్పిన కథ వేరట: లిల్లార్డ్ నడవాలో ఎవరికో హాస్యం చెబుతుంటే పామర్ విని, నవ్వుతూ పుస్తకంతో వీపు మీద చరిచాడట.

తరువాత ఆ అమ్మాయి అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. ‘మొదటి రోగి మావాడే. కానీ ఆ బడిలోకి మావాళ్లను దశాబ్దాలపాటు రానివ్వలేదు’ అంది. నిజమే. 1897లో మొదలైన పామర్ పాఠశాలతో సహా చాలా కైరోప్రాక్టిక్ పాఠశాలలు చాలా కాలం నల్లవారిని చేర్చుకోలేదు. విచిత్రమేమిటంటే అదే పామర్ దగ్గర మొదట్లోనే ఆడవాళ్లు చదివారు. ఆయన కోడలు మేబెల్ పామర్ ఆ బడిలో అనాటమీ బోధించింది. జపాన్ నుంచి వచ్చిన షెగెతారో మోరికుబో అక్కడ చదివి విస్కాన్సిన్‌లోని లా క్రాస్‌లో వైద్యం మొదలుపెట్టాడు. లైసెన్సు లేకుండా ఆస్టియోపతీ (ఎముకలనూ కండరాలనూ చేతులతో సర్దే మరో వైద్యం) చేస్తున్నాడని 1907లో అతని మీద కేసు పెడితే, టామ్ మోరిస్ అనే వకీలు ఇది వేరే విద్య అని వాదించి గెలిచాడు. ఈ వృత్తి తన కాళ్ల మీద తాను నిలబడిన మొదటి కేసుల్లో అదొకటి. గెలిపించుకున్న మనిషి వలస వచ్చినవాడు, తలుపు మూసింది మాత్రం ఊరివాళ్లకు.

పర్యవేక్షించే డాక్టరుకు నేను పుత్తూరు కట్టు గురించి చెప్పాను. ఆకుపసరు, వెదురు బద్దలు, గుడ్డ కట్టు అనగానే ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రోడ్ ఐలాండ్‌లో స్వీట్ అనే కుటుంబం తరతరాలుగా ఎముకలు సర్దేదని, కైరోప్రాక్టిక్‌కు అలాంటి పూర్వీకులు కూడా ఉన్నారని ఆయన అన్నారు. పావుగంట మాట్లాడుకున్నాం. నా బల్ల ఖాళీగా ఉంది, నడుము చల్లబడింది. ఇది ఫిర్యాదు కాదు.

నాలుగోసారి నన్ను ముందుగా దించేసి అబ్బాయి పనికి వెళ్లాడు. అరగంట సమయం ఉంటే నడవా చివర అద్దాల గది దగ్గర నిలబడ్డాను. లోపల రెండో ఏడాది తరగతి. ఇరవై పైన బల్లలు, ఒక్కో బల్ల దగ్గర ఇద్దరు. ఒకరు పడుకుంటే ఇంకొకరు వెన్ను తడుముతారు, తరువాత తారుమారు. వీళ్ల చదువులో ఇదే కీలకం. మా తరగతిలో కప్పను కోసి నేర్పాం. వీళ్లు ఒకరి ఒంటి మీద ఒకరు నేర్చుకుంటారు. అంటే పక్కన పడుకున్న సహాధ్యాయి ఒళ్లే వాళ్ల పాఠ్యపుస్తకం. ఆ గదిలో ఎక్కువమంది ఒకే రకం: తెల్లవాళ్లు, పాతికేళ్ల లోపు, ఆటలాడిన ఒళ్లు. పుస్తకంలో ఒక పేజీయే నలభై సార్లు అచ్చయినట్టు.

తలకు గుడ్డ కట్టుకున్న ఒక ముస్లిం అమ్మాయి ఒక మూల బల్ల దగ్గర కనిపించింది. ఆమె ఆడపిల్లలతోనే జతకడుతుందని, ఆ అద్దాలకు లోపలి నుంచి సగం దాకా కాగితం అంటించింది ఆమె కోసమేనని తరువాత చెప్పారు. జడలల్లుకున్న నల్లమ్మాయి మెడ తడమడానికి తన జతగాళ్లు మొదట భయపడేవారని నాతో అంది. జడ కదిలితే నొప్పి పుడుతుందేమో అనుకునేవారట. వాళ్ల భయం ఆమె దగ్గరే తీరింది. రేపు వాళ్ల దగ్గరికి జడలల్లుకున్న రోగి వస్తే తడుముకోరు. ఐదడుగుల అమ్మాయి ఆరడుగుల మనిషిని పక్కకు ఒత్తిగిల్లజేసి సర్దాలంటే బల్ల ఎత్తు, మోకాలు పెట్టే చోటు, బరువు వేసే తీరు అన్నీ మారాలి. నన్ను చూసిన టెక్సాస్ అమ్మాయి ఇదంతా తనకు తానే కనుక్కోవలసి వచ్చిందట. నేర్పినాయన పొడగరి, తన కొలతలే చెప్పాడు.

ఈ కళాశాల ప్రచార పుస్తకం కూడా చూశాను, నిరీక్షణ గదిలో కుప్పగా పెట్టారు. అట్ట మీద ఆరుగురు, ఆరు రంగులు, అందరి పళ్లూ తెల్లగా ఉన్నాయి. అట్ట తిప్పి అద్దాల గది వంక చూశాక ఆ పుస్తకాన్ని తిరిగి కుప్పలోనే పెట్టేశాను. డాక్టరును అడిగితే దాచలేదు. 2023 జూన్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునే వీలు లేదని, ఊళ్లలో హైస్కూళ్లకు వెళ్లి పిల్లలను పిలవడం ఒక్కటే తమ చేతిలో ఉందని అన్నారు. పిలిస్తే సరిపోతుందా? ఈ చదువుకు అప్పు లక్ష డాలర్లు దాటడం మామూలు. ఇంట్లో ఇంతకు ముందు ఎవరూ కాలేజీ మొహం చూడని పిల్ల ఆ అంకె చూసి మళ్లుకుంటుంది. సాంఘిక సంక్షేమ హాస్టల్ పిల్లలు మా బడికి వచ్చేవారు. ఫీజు మాఫీ ఉన్నా బస్సు ఛార్జీ లేక మానేసిన ఆడపిల్లల పేర్లు నాకు హాజరుపట్టీ క్రమంలో గుర్తున్నాయి.

తెలుగమ్మాయి ఒకరు ఉన్నారు ఇక్కడ, ఒకే ఒక్కరు. ఇక్కడే పుట్టి పెరిగింది. వాళ్ల నాన్న బంధువులకు ‘అమ్మాయి డాక్టరు చదువుతోంది’ అని చెప్పి, ఏ డాక్టరో అడగకముందే ఫోను పెట్టేస్తారట. నవ్వుతూనే చెప్పింది, నవ్వు మాత్రం పెదవుల దాకానే వచ్చింది. ఆ అమ్మాయి విలువ నాకు ఐదోసారి తెలిసింది. అంతకు ముందు నాకోసం ఫోనులో దుబాసీని పెట్టారు. స్పానిష్‌కైతే మనిషే ఉంటాడు, తెలుగుకు ఫోను. కలవడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. కలిసిన పెద్దమనిషి నేను సలుపు అన్నా, పోటు అన్నా, తిమ్మిరి అన్నా, జివ్వుమంటోంది అన్నా అన్నిటికీ ఒకే ఇంగ్లీషు మాట చెప్పాడు: నొప్పి. ఇంగ్లీషులో పాఠం చెప్పకపోయినా ఆ మాత్రం నాకు అర్థమవుతుంది! సలుపు వేరు, తిమ్మిరి వేరు. తిమ్మిరి ఉంటే నరం సంగతి చూడాలి. తెలుగమ్మాయి వచ్చి, ‘ఆంటీ, మా అమ్మమ్మ కూడా సలుపు అంటుంది, రాత్రి పూట ఎక్కువా?’ అంది. అవును, రాత్రి పూట ఎక్కువ. తిమ్మిరి ఎక్కడిదాకా వస్తోందో వేలితో గీసి చూపించమంది. పిక్క దగ్గర ఆగింది, పాదానికి రాలేదు. ఫైలులో ఆ రోజు మొదటిసారి నా నొప్పి నా నొప్పిలా రాసి ఉంది. అయితే ఆ పిల్ల అక్కడికి వచ్చింది చదువుకోవడానికి. ఊళ్లో తెలుగు ముసలమ్మలు ఎంతమంది వచ్చినా తననే పిలుస్తారని, తన సొంత రోగుల లెక్క వెనకపడుతోందని అన్నప్పుడు నాకు సిగ్గేసింది. ఆ పనికి జీతం లేదు, మార్కులు లేవు.

మిగతా లోపాలు చిన్నవి. వెనక తెరిచి ఉండే గౌను ఇస్తారు, చీర మీద అది నిలవదు. ఆడ ఇంటర్న్ కావాలని ముందే ఫోనులో చెప్పకపోతే రోజును బట్టి దొరుకుతుంది. బిల్లుల దగ్గర ఉన్నావిడ నా ఇంటిపేరును మూడు రకాలుగా రాసి మూడు ఫైళ్లు తెరిచింది. పార్కింగ్ ఉచితం.

ఫలితమా? ఎనిమిదో సారికి నొప్పి ముప్పాతిక వంతు తగ్గింది. ఇందులో వాళ్ల చేతి మహిమ ఎంతో, కాలం మహిమ ఎంతో చెప్పలేను. కొత్తగా పట్టిన నడుము చాలామందికి ఆరు వారాల్లో దానంతట అదే సర్దుకుంటుందని మొదటి రోజే డాక్టరు చెప్పారు. అలా చెప్పి కూడా ముప్పై డాలర్లు తీసుకునే చోటును నేను నమ్ముతాను. ఆరు నెలలకు ముందే డబ్బు కట్టండి అని ఎవరూ వెంటపడలేదు. ఐదు చుక్కలకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన చుక్క ఆ ఫోను దుబాసీకీ, ప్రచార పుస్తకం అట్టకూ సగం సగం.

వెళ్లదలచినవాళ్లు చీర కాకుండా వదులైన పంజాబీ డ్రెస్సు వేసుకోండి. వాడుతున్న మందుల పేర్లు ఇంగ్లీషులో రాసుకుని వెళ్లండి. కాలు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా అక్కడికి వెళ్లకండి, నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఈ మాట వాళ్లే మొదటి కాగితంలో రాసి ఇస్తారు.

ఆఖరి రోజు టెక్సాస్ అమ్మాయి, బేస్‌బాల్ అబ్బాయి ఇద్దరూ వచ్చారు. ఆ అబ్బాయి ఈసారి పట్టిక తియ్యలేదు. నేల మీద చాప వేసి, కూర్చుని చూపించండి అన్నాడు. తనూ కూర్చోబోయాడు, మఠం వేసేసరికి అతని మోకాళ్లు చెవుల దాకా వచ్చాయి. మొదటి రోజు టిక్కు పెట్టిన గడిని కొట్టేసి, కత్తిపీట, రుబ్బురోలు, నేల మీద కూర్చోవడం అని కాగితం మీద చేత్తో రాశారు. కంప్యూటర్‌లోకి ఎక్కించబోతే అలాంటి గడి దొరకలేదు. ఇద్దరూ కాసేపు కిందికీ పైకీ వెతికి, చివరికి ‘ఇతరములు’ అన్న చోట టైపు చేశారు.